తాంబూలం ఐటమ్ మక్కీకి మక్కీ ఎత్తేశారు, ఏం చేయాలో చెప్పండి

రుమాలు_బెజవాడ:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇవాళ కడుపు మండి రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

నేను పెళ్లిళ్లలో మేజిక్ చేస్తా, నా షోల్లో తాంబూలం ఐటమ్ ఒకటుంది, కొంతమంది చూసే ఉంటారు. పెళ్లికూతురు చేత తమలపాకు మీద స్కెచ్ పెన్‌తో సంతకం పెట్టిస్తా, పెళ్లికొడుకు చేత దాన్ని ముక్కలు చేయిస్తా, ముక్కలు గుప్పెట్లోంచి మాయం, చివర్లో మామగారు తన చేత్తో కొట్టిన కొబ్బరికాయలోంచి అదే ఆకు అదే సంతకంతో బయటికొస్తుంది. చిరిగింది అతకడం, మాయమైంది ఇంకోచోట దొరకడం తాతలనాటి సంగతులు, అవి నేను కనిపెట్టానని ఏనాడూ అనలా. కానీ తాంబూలం చుట్టూ అల్లిన కథ, అత్తగారి అలక, "ఆకు అమ్మాయిది, వక్క అబ్బాయిది, సున్నం మాత్రం మామగారికి" అనే డైలాగు, అది అన్నాక మామగారి వైపు తిరిగి ఏమీ మాట్లాడకుండా నిలబడటం, ఇవన్నీ నావి. నవ్వు రాని చోట మాట పీకేస్తూ, వచ్చిన చోట సాగదీస్తూ, పందిరి పందిరికీ దిద్దుకుంటూ వస్తే ఇప్పటికి ఒక రూపానికొచ్చింది.

మొన్న గుంటూరు లక్ష్మీపురంలో ఏదో రిసెప్షన్ రీల్ ఒకటి ఎవరో పంపారు. నా దగ్గర కొన్నాళ్లు పెట్టెలు మోసి, స్టేజీ పక్కన నిలబడ్డ కుర్రాడే. పేరు చెప్పను. మొత్తం దింపేశాడు. డైలాగు, ఆగడం, అత్తగారి దగ్గరికి నడిచే నడక, అన్నీ. నా వాచీ బెల్టు కాస్త లూజు, అందుకని ఆకు పెళ్లికొడుకు చేతికిచ్చే ముందు వాచీని పైకి తోసుకోవడం నాకు అలవాటు. వాడు కూడా తోసుకున్నాడు. వాడి చేతికి వాచీ లేదు!! ఉత్త మణికట్టు మీద తోసుకున్నాడు. కింద క్యాప్షన్ ఏంటంటే "మా సొంత క్రియేషన్, మొదటిసారి ఆంధ్రాలో".

ఏం చేయమంటారు? వదిలేయనా, ఫోన్ చేసి తిట్టనా, కేసు పెట్టొచ్చా?

కృష్ణలంక_కార్డ్స్:
అన్నా సారీ, నీ బాధ నీది కానీ వాచీ లేకుండా వాచీ తోసుకోవడం దగ్గర టీ పొలమారింది నాకు 😂 రీల్ లింకు ఇక్కడ పడెయ్, అందరం వెళ్లి కామెంట్ల కింద ఉతికేద్దాం.

మోడరేటర్:
లింకులు వద్దు, పేర్లు వద్దు, మూకుమ్మడిగా వెళ్లి కామెంట్లు కొట్టడాలు అసలే వద్దు. ఇంకోటి, కాయలోకి ఆకు ఎలా పోతుంది లాంటి మాటలు ఎవరు రాసినా తీసేస్తా. మిగతాది ఎంతైనా మాట్లాడుకోండి.

గారడీ_గళం:
నేను ఎదురు మాట చెప్తా, కోప్పడకండి. ఏ ట్రిక్కూ ఎవడి బాబు సొత్తూ కాదు. రుమాలు బ్రదర్, నీ షోలో జిగ్ జాగ్ పెట్టె, అదే, నిలబడ్డ అమ్మాయి నడుం భాగం పక్కకి జరిగేది, ఉంది, గాల్లో తేలే బంతి ఉంది, రింగులు ఉన్నాయి. అవి ఎవరివి? ఎవడికన్నా రూపాయి కట్టావా? స్టేజీ మీద షేర్వాణీ, ఈక పెట్టిన తలపాగా వేసుకుంటావు, ఆ మహారాజా వేషం పి.సి. సొర్కార్ గారు మొదలుపెడితే దేశంలో మెజీషియన్లంతా వేసుకున్నారు. అసలు బుట్టలో పిల్లోణ్ణి పెట్టి కత్తులు గుచ్చే ఆట మన వీధి గారడీవాళ్లది, 1865లోనే స్టోడేర్ అనే ఆయన లండన్‌లో స్టేజీ మీద ఆడి చప్పట్లు కొట్టించుకున్నాడు, మనోళ్లకి ఏం దక్కింది? విజయనగరం కాలం నాటి శాసనాల్లో విప్రవినోదులు కనపడతారు, ఇంద్రజాలం చేసే బ్రాహ్మలు, వాళ్ల విద్యలు ఎవరు వాడుకున్నారో ఎవరైనా లెక్క రాశారా? ఈ రంగం మొత్తం ఒకడి నుంచి ఇంకొకడు ఎత్తుకుంటే వచ్చిందే. కుర్రాడు బతుకుతున్నాడు, బతకనీ.

పావురాల_మాస్టారు:
గళం గారూ, మీరు చెప్పినవి నిజాలే గానీ తీర్పు తప్పు. వీధి గారడీవాడికి అన్యాయం జరిగిందంటున్నారు, కరెక్టే. మరి అదే అన్యాయం ఇవాళ మన రుమాలుకి జరిగితే సరైపోయిందా?

కాస్త పాతది చెప్తా, వయసు మీద పడ్డవాణ్ణి కదా. 1921 జనవరిలో లండన్‌లో సెల్బిట్ అనే ఆయన మొట్టమొదట మనిషిని పెట్టెలో పెట్టి జనం ముందు రంపంతో కోశాడు. ఆ ఏడే హొరేస్ గోల్డిన్ అమెరికాలో తన పద్ధతిలో కోయడం మొదలెట్టాడు. పైగా ఐడియా నాకే ముందు వచ్చిందన్నాడు. సెల్బిట్ పెట్టె బేడా సర్దుకుని అమెరికా వెళ్లేసరికి గోల్డిన్ అక్కడి థియేటర్ల సంఘంలో ఆ ఐటమ్‌కి పెట్టుకోదగ్గ పేర్లన్నీ ముందే రాయించేసుకున్నాడు. అసలువాడు వెళ్లి నకలు చేస్తున్నవాడిలా నిలబడాల్సొచ్చింది. గోల్డిన్ అక్కడితో ఆగలేదు, 1923లో పేటెంటు తీసుకున్నాడు. పేటెంటు అంటే ఏంటి? పని ఎలా చేస్తుందో బొమ్మ గీసి రాసి సర్కారుకి ఇవ్వాలి, ఎవరైనా చూసుకోవచ్చు. పదేళ్ల తర్వాత ఒక సిగరెట్ కంపెనీ తన ప్రకటనలో ఆ రహస్యం బయటపెట్టింది. కోర్టుకెళ్లాడు, 1938లో ఓడిపోయాడు, నువ్వే లోకానికి చెప్పుకున్నావు కదయ్యా అన్నట్టు అయింది. కాబట్టి పేటెంటు దారి మనకి పనికిరాదు.

ఇంకోటి. చింగ్ లింగ్ ఫూ అని అసలు సిసలు చైనా మెజీషియన్ అమెరికాలో షోలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసి విలియం రాబిన్సన్ అనే అమెరికా ఆయన జుట్టు జడ వేసుకుని, ముఖానికి రంగు పూసుకుని, చుంగ్ లింగ్ సూ అని పేరు పెట్టుకుని లండన్‌లో చైనావాడిగా బతికేశాడు. పేపరోళ్లతో కూడా దుబాసీని పెట్టుకుని మాట్లాడేవాడట. ఐటమ్‌లు మాత్రమే కాదు, మనిషినే ఎత్తుకుపోయాడు. 1905లో ఇద్దరూ లండన్‌లోనే ఉన్నారు, ఫూ సవాలు విసిరాడు, తీరా ఆ రోజుకి తనే రాలేదు. జనం నకిలీవాడినే నెత్తిన పెట్టుకున్నారు. 1918లో తూటా పట్టే ఐటమ్‌లో నిజంగా తూటా తగిలి పోయాడు, అప్పుడు గానీ స్టేజీ మీద ఆయన నోట ఇంగ్లీషు రాలేదు.

మన కుర్రాడు వాచీ తోసుకున్నది చదివితే నాకు ఈయనే గుర్తొచ్చాడు.

ట్రిక్కు అందరిదీ అనేవాళ్లకి ఒకటే చెప్తా. పల్నాటి యుద్ధం కథ అందరిదీ, బుర్రకథ పట్టిన ప్రతివాడూ చెప్పాడు. కానీ మన పొన్నెకల్లు నాజర్ గారు చెప్పిన తీరు నాజర్ గారిదే. దళంలో చేరి గురువు దగ్గర నేర్చుకున్నవాడు ముందు గురువుకి దణ్ణం పెట్టి గానీ కథ ఎత్తడు.

కృష్ణలంక_కార్డ్స్:
మాస్టారూ దణ్ణం 🙏

ఆటోనగర్_పెట్టెలు:
జిగ్ జాగ్ మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి, ఎందుకంటే చేసేది నేనే. నా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో వీడియో ఆపి ఫోటో తీసుకొచ్చి "అన్నా ఇదే కావాలి, పండక్కి అందించు" అంటారు. ప్లైవుడ్డు ఎంత మందం, బిజాగిరీలు ఎక్కడ, లోపల నల్ల వెల్వెట్ ఎక్కడిదాకా, అన్నీ నేనే చూసుకోవాలి. ఎవరిది ఐటమ్ అని అడిగినవాడు ఇప్పటిదాకా లేడు.

జిగ్ జాగ్ రాబర్ట్ హార్బిన్ గారిది, 1960ల్లో చేశాడు. ఆయన బతికుండగానే లోకమంతా కాపీ పెట్టెలు వచ్చేశాయి. 1970లో ఆయన తన ఐటమ్‌లన్నీ ఒక పుస్తకంగా వేసి 500 కాపీలే అమ్మాడు, ఆ పుస్తకం కొన్నవాడికి పెట్టె చేయించుకునే హక్కు ఇచ్చినట్టు. అంటే పద్ధతిగా కొనే దారి ఆయన చూపించాడు. మరి మన దగ్గర ఉన్న జిగ్ జాగ్‌లు ఎన్ని ఆ 500 లోవి? సున్నా. ఇది నేను దాచుకునే విషయం కాదు, నా బతుకుతెరువే అది.

అయితే ఇప్పుడు ఒక పని చేస్తున్నా. బతికున్న మనిషి అమ్ముతున్న సరుకైతే ఆయన దగ్గర కొని బిల్లు చూపిస్తేనే రిపేరు చేస్తా, కొత్తది చేయను. సగం మంది తిట్టుకుంటూ పోతున్నారు, పోనీ.

గారడీ_గళం:
పెట్టెల బాబాయ్, నిజం ఒప్పుకున్నందుకు థాంక్స్. చూశారా నేనన్నదీ ఇదే, అందరి ఇళ్లూ అద్దాలవే.

రుమాలు_బెజవాడ:
గళం అన్నా, నా జిగ్ జాగ్ మీద అడిగావు, బాగానే ఉంది. నేను ఎప్పుడన్నా దాన్ని "నా క్రియేషన్" అని బోర్డు కట్టానా? మా స్టేజీ మీద జిగ్ జాగ్ ముందు హార్బిన్ పేరు చెప్తా, జనానికి అర్థమైనా కాకపోయినా. ఇక్కడ సమస్య ట్రిక్కు కాదని మొదటే రాశా. వాడు ఆకుతో ఏమన్నా చేసుకోనీ, నాలిక మీద ఉన్న మాటలు ఎత్తుకుపోయాడే అది బాధ. రేపు గుంటూరులో నేను అదే డైలాగు చెప్తే "ఇది ఫలానా ఆయనది కాపీ కొట్టావు" అంటారు నన్ను.

అరండల్‌పేట_ఈవెంట్స్:
మా వైపు నుంచి కూడా వినండి. పార్టీకి క్రెడిట్ గొడవ అక్కర్లేదు. "పోయిన నెల చూశాం, తమలపాకు మేజిక్, అదే కావాలి" అని వస్తారు. రుమాలు గారి రేటు చెప్తే "అదే ఐటమ్ సగానికి చేసేవాడు లేడా" అంటారు. నేను లేడు అంటే పక్కాఫీసుకి పోతారు. నేనేం చేయను? ఎవడి ఐటమ్ ఎవడిదో మీలో మీకే తేలకపోతే మధ్యలో మాకు ఎలా తెలుస్తుంది? మీరంతా ఒక జాబితా పెట్టుకోండి, ఈ ప్యాటర్, అదే ఐటమ్‌తో చెప్పే మాటలు, ఫలానా వారిది అని, అప్పుడు పార్టీకి చెప్పడానికి నా దగ్గర ఒక ఆధారం ఉంటది.

రుమాలు_బెజవాడ:
మీరు మంచోరు సార్ అందుకే మీతో చెప్తున్నా. వేరే ఈవెంట్స్ వాళ్లు, పేరు వద్దు, నా పాత వీడియోలో నా లోగో మసకబెట్టి వాళ్ల ప్రొమోలో వాడారు. ఫోన్ చేస్తే "ఎడిటింగ్ కుర్రాడు చేశాడు, చూస్తాం" అన్నారు. ఇప్పటికీ అలాగే ఉంది.

లా_గుంటూరు:
నేను గుంటూరులో జూనియర్ లాయర్ని, మా నాన్నగారికి మేజిక్ పిచ్చి కాబట్టి ఇక్కడ ఉన్నా. రెండు సంగతులు కలిపేస్తున్నారు, విడదీయాలి.

ఒకటి, ఆ లోగో మసకబెట్టిన వీడియో. మన కాపీరైట్ చట్టం, 1957ది, అందులో పెర్ఫార్మర్ అంటే ఎవరు అని చెప్పే చోట నటుడు, గాయకుడు, డ్యాన్సర్‌తో పాటు జగ్లర్, ఇంద్రజాలికుడు, పాములాడించేవాడు అని విడివిడిగా పేర్లు పెట్టి మరీ రాశారు. అంటే చట్టం దృష్టిలో మీరు అనామకులు కాదు. మీ షోని మీ అనుమతి లేకుండా రికార్డు చేసి వాడుకోవడాన్ని అడ్డుకునే హక్కు మీకుంది, అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఇది నేను చేసిన షో, నా పేరు వేయండి అని అడిగే హక్కు కూడా వచ్చింది. ఆ ఈవెంట్స్ వాళ్లకి ఒక నోటీసు సరిపోతుంది, చాలామంది నోటీసు చూడగానే వీడియో తీసేస్తారు.

రెండోది, కుర్రాడి సంగతి. ఇక్కడ పెర్ఫార్మర్ హక్కు పనికిరాదు, ఎందుకంటే అది మీరు చేసిన షో మీద హక్కు, ఇంకొకరు మీలాగా చేయడం మీద కాదు. ఇక ట్రిక్కు ఐడియా అంటారా, 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది, ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని. ఆ కేసులో నాటకం రాసినాయన సినిమావాళ్ల మీద వేసి ఓడిపోయారు.

కానీ దారి లేకపోలేదు. నాటక రచన అన్నదాంట్లో మన చట్టం మూగాభినయాన్ని కూడా కలిపింది, షరతు ఏంటంటే దాని అమరిక రాతలో గానీ మరో రూపంలో గానీ నమోదై ఉండాలి. అమెరికాలో టెల్లర్ అనే మెజీషియన్ గెలిచింది ఇంచుమించు ఇలాంటి దాని మీదే. ఆయన ఐటమ్‌లో గులాబీ నీడని కత్తితో కోస్తే అసలు గులాబీ రేకులు రాలతాయి. 1983లోనే దాన్ని మూగాభినయంగా రిజిస్టర్ చేయించి పెట్టుకున్నారు. 2012లో బెల్జియం ఆయన ఒకరు అలాంటిదే చేసి వీడియో పెట్టి అమ్మకానికి పెట్టారు. ట్రిక్కుకి కాపీరైట్ లేదు గానీ ఈ నాటకానికి ఉంది అని 2014లో కోర్టు టెల్లర్ వైపు చెప్పింది. చూడండి, తన దగ్గర వేరే పద్ధతి ఉందన్న వాదన కూడా నిలబడలేదు, ఎందుకంటే జనానికి కనపడేది ఒకటే.

సార్, మీ తాంబూలం స్క్రిప్టు ఎక్కడన్నా రాసి ఉందా?

రుమాలు_బెజవాడ:
లేదు మేడమ్. అంతా నోటికే. పాత షోల వీడియోలు ఉన్నాయి, తేదీలతో.

లా_గుంటూరు:
వీడియోలు ఉంటే మంచిదే, జాగ్రత్త చేయండి, ఫోన్ మారిస్తే పోతాయి. ఈ వారమే కూర్చుని మొత్తం రాయండి, డైలాగు, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎక్కడ ఆగుతారు, అన్నీ. రహస్యం రాయక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే రేపు తేదీకి ఆధారం. ఫీజు 500 రూపాయలు, ఎవరన్నా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగుతారు.

కొత్తపేట_కుర్రోడు:
నేను మీరంటున్న కుర్రాడి ఫ్రెండ్‌ని. చాలాసేపు చూసి రాస్తున్నా. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. క్యాప్షన్ తప్పు, నేనూ వాడికి చెప్పా. కానీ వాడు ఊరికే పెట్టెలు మోయలేదండి. తెల్లారుజామున వ్యాన్ లోడింగ్ వాడిదే, పావురాలకి మేత వాడిదే, షో అయ్యాక కుర్చీల కింద పడ్డ కాగితప్పూలు ఏరింది వాడే. ఆ తాంబూలంలో కొబ్బరికాయ వాడి ఐడియా. అంతకు ముందు అన్నగారు ఆకుని పెళ్లికొడుకు జేబులోంచి తీసేవారు. కాయ పెట్టాకే జనం లేచి నిలబడటం మొదలైంది. స్టేజీ మీద ఒక్కసారన్నా వాడి పేరు చెప్పారా? హార్బిన్ పేరు చెప్తారంట, పక్కన నిలబడ్డవాడి పేరు మాత్రం రాదు.

గారడీ_గళం:
ఇదిగో, ఇప్పుడొచ్చింది అసలు కథ 🍿

పావురాల_మాస్టారు:
గళం గారూ ఊరుకోండి. కొత్తపేట బాబూ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. నా రోజుల్లో అసిస్టెంట్లకి పేరు కాదు కదా, పోస్టర్ మీద చోటు కూడా ఉండేది కాదు, పెట్టెలోకి దూరే అమ్మాయికైతే మరీను. నడుం విరిగేది ఆ అమ్మాయికి, దండ పడేది మెజీషియన్ మెడలో. దీని మీద రుమాలు సమాధానం చెప్పాలి.

రుమాలు_బెజవాడ:
చెప్తా మాస్టారూ. కొబ్బరికాయ అన్న మాట వాడి నోట్లోంచే వచ్చింది, నిజం. ఎక్కడిదిరా అంటే తోచింది అన్నయ్యా అన్నాడు. ఆ రోజు నుంచి వాడికి షోకి ఇచ్చేది పెంచా, వాడినే అడగండి. పేరు చెప్పాలని వాడెప్పుడూ అడగలా, నాకూ ఎవరూ చెప్పిన అలవాటు లేదు. కాయ వాడిదైతే కాయ వాడుకోనీ, నేను అడ్డమా? నా మాటలు నాకు వదలమంటున్నా అంతే.

ఆటోనగర్_పెట్టెలు:
ఇద్దరూ ఆగండి. ఆ కాయ నా షెడ్డులోంచి పోయింది. తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, స్కూళ్లలో, తిరనాళ్లలో ఆడేవాడు. గుర్తు పెట్టిన రూపాయి బిళ్ల కొబ్బరికాయలోంచి తీసేవాడు, జీవితాంతం అదే ఆయన పెద్ద ఐటమ్. ఒకరోజు నా బల్ల మీదే టీ తాగుతూ చేసి చూపించాడు. అప్పుడు ఈ కుర్రాడు జిగ్ జాగ్ బిజాగిరీ మార్పించడానికి వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్లప్పగించి చూశాడు. తోచింది అంటే అలా తోచింది. [రెండు లైన్లు తీసేశాను, మోడరేటర్] పెద్దాయన కరోనా టైములో పోయాడు. ఆయనకి ఫోన్ కూడా లేదు, రీల్ ఎక్కడిది.

కృష్ణలంక_కార్డ్స్:
అరెరే.

కొత్తపేట_కుర్రోడు:
బాబాయ్ ఇది నాకు తెలీదు. వాణ్ణి అడుగుతా.

పావురాల_మాస్టారు:
ఆ పెద్దాయన నాకు తెలుసు. సంచిలో ఎప్పుడూ రెండు కాయలు ఉండేవి, షో అయ్యాక ఒకటి పిల్లలకి పంచేవాడు. కాయలోంచి వస్తువు తీయడం ఆయనకన్నా ముందు కూడా ఉండే ఉంటుంది, అది నేను వాదించను. కానీ మన రెండు ఊళ్లలో ఆ పని ఆయన పేరు మీదే నడిచింది.

అరండల్‌పేట_ఈవెంట్స్:
జాబితా పెట్టమన్నా కదా, ఇదే మొదటి లైను వేయండి.

కొత్తపేట_కుర్రోడు:
మాట్లాడా. వాడు షెడ్డులో చూసింది ఒప్పుకున్నాడు. "చూశా కానీ బిళ్ల స్థానంలో ఆకు పెట్టాలన్నది నాదే" అంటున్నాడు. అది కూడా నిజమే కదండీ? క్యాప్షన్ మార్చాడు. ఇప్పుడు "తాంబూలం మేజిక్, మా గురువుగారి బాణీలో" అని ఉంది.

కృష్ణలంక_కార్డ్స్:
గురువుగారు ఎవరో మాత్రం లేదు. బాణీ అంట, వాచీతో సహా బాణీ 😄

రుమాలు_బెజవాడ:
నాకూ ఫోన్ చేశాడు ఇందాక. మొదట్లో ఇద్దరం అరుచుకున్నాం, వాళ్ల అమ్మ మధ్యలో ఫోన్ తీసుకుంది, అది ఇక్కడ రాయను. తేలిందేంటంటే, సున్నం డైలాగు, అత్తగారి అలక, ఆ నడక, వాడు మానేస్తాడు, సొంత కథ రాసుకుంటాడు. కాయా ఆకూ ఇద్దరం చేస్తాం. కాయ కొట్టించే ముందు ఇద్దరం తెనాలి పెద్దాయన పేరు చెప్తాం, బిళ్ల బదులు ఆకు వాడి ఆలోచన అని నా స్టేజీ మీద నేను చెప్తా. చేతికున్న రిసెప్షన్లు రెండు వాడు ఒప్పేసుకున్నాడంట, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు, వాటి వరకు పాతదే చేసుకోమన్నా. అది నాకు ఇంకా మింగుడు పడట్లేదు కానీ పెళ్లివాళ్లు ఏం పాపం చేశారు.

గారడీ_గళం:
నేను ఇప్పటికీ నా మాట మీదే ఉన్నా, డైలాగు కూడా గాల్లో మాటే. కానీ పెద్దాయన పేరు చెప్పడం బాగుంది.

లా_గుంటూరు:
ఫోన్‌లో అనుకున్నవి నిలబడవు సార్. ఎవరు ఏది మానేస్తారు, ఎవరు ఎవరి పేరు చెప్తారు, ఏ తేదీ దాకా పాతది చేస్తారు, ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. దానితో పాటే మీ స్క్రిప్టు కూడా.

రుమాలు_బెజవాడ:
స్టాంపు పేపరా మేడమ్?

లా_గుంటూరు:
తెల్ల కాగితం చాలు, ముందు రాయండి. తేదీ మర్చిపోకండి. సాక్షిగా పెట్టెల బాబాయ్ సంతకం కూడా పెట్టించండి.

ఆటోనగర్_పెట్టెలు:
పొద్దున పదింటి తర్వాత రండి, కరెంటు పోయే లోపు.